అమ్మకు మారు వడ్డించిన హోటలు

మా చిన్నప్పుడు హోటల్లో తినడానికని ఎవరూ ఇల్లు కదిలేవాళ్ళు కాదు. ముందు ఏదో ఒక పని ఉండాలి. కొబ్బరికాయల డబ్బు తెచ్చుకోవాలి, కళ్ళజోడు మార్పించాలి, పెళ్ళిబట్టలు కొనాలి, కలెక్టరాఫీసులో ఏదో కాగితం మీద సంతకం పడాలి. ఆ పని తెమిలేసరికి మధ్యాహ్నం దాటిపోతుంది కాబట్టి, ఆకలి ఆగదు కాబట్టి, హోటలు. పెద్దవాళ్ళకు అది తప్పనిసరి, పిల్లలకు అదే అసలు పని. నాన్నగారు చేతిసంచీలో కాగితాలు సర్దుకుంటున్నారంటే చాలు, ఈసారి వెంట ఎవరిని తీసుకెళ్తారా అని అక్క, నేను, తమ్ముడు ఆయన చుట్టూ తిరిగేవాళ్ళం.

మాది కోనసీమ. ఒకవైపు గౌతమి, ఇంకోవైపు వసిష్ఠ, నడుమ వైనతేయ, కింద సముద్రం. పెద్ద పట్నం చేరాలంటే ఎక్కడో ఒకచోట గోదావరి దాటక తప్పదు. కాకినాడ వెళ్ళాలంటే ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కి కోటిపల్లిలో దిగాలి. నరసాపురానికైతే సఖినేటిపల్లి రేవు. రాజమండ్రికి రావులపాలెం మీదుగానో, ధవళేశ్వరం బ్యారేజీ మీదుగానో బస్సు. అందుకే బయటి తిండి అనగానే నాకు ముందు గోదావరి గాలి గుర్తుకొస్తుంది, ఆ తరువాతే రుచి.

అన్నిటికంటే దగ్గర అంబాజీపేట. నాన్నగారు బడిపంతులు. తాతగారి నుంచి వాటాగా వచ్చిన కొద్దిపాటి కొబ్బరితోట ఉండేది. దింపు తీయించి, కాయలు వ్యాపారికి పంపాక, లెక్క చూసుకోవడానికి ఆదివారం పొద్దున్నే అంబాజీపేట బయలుదేరేవారు. కొబ్బరి మార్కెట్టుగా ఆ ఊరికి ఎంతో పేరు. మాకు మాత్రం అంబాజీపేట అంటే పొట్టెక్కలే. పనసాకులను చీపురుపుల్లలతో కుట్టి చిన్న బుట్ట చేసి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. చెప్పుకోవడానికి ఇంతే.

తినడం మాత్రం తీరిగ్గా చేయాల్సిన పని. ముందు పుల్ల లాగాలి. తరువాత ఒక్కో ఆకూ మెల్లగా ఒలవాలి. తొందరపడితే పిండి ఆకుకే అంటుకుపోతుంది. ఆకు ఊడివస్తుంటే లోపలి తెల్లటి ముద్ద మీద పనసాకు ఈనెలు అచ్చుగుద్దినట్టు కనిపిస్తాయి. వేళ్ళకు ఆవిరి చురుక్కుమంటుంది. ముక్కుకు ముందు తగిలేది పిండి వాసన కాదు, ఉడికిన ఆకు వాసన. నాలుగు ఆకులూ కలిసే అడుగుభాగంలో పిండి కాస్త గట్టిగా, ఆకు పసరు పట్టి లేత రంగు తిరిగి ఉండేది. నేను దాన్ని చివరిదాకా దాచుకుని, అల్లం పచ్చడి అద్దుకుని తినేదాన్ని. అదే పిండిని ఇంట్లో ఇడ్లీ రేకుల్లో వేసినా ఆ రుచి రాదు. ఆకు ఇచ్చేది ఆకే ఇవ్వాలి.

నాన్నగారు రెండు తిని చెయ్యి కడుక్కోబోయేవారు. పొయ్యి దగ్గర ఉన్న పెద్దాయన అక్కడినుంచే, "మాస్టారూ, ఇప్పుడే వాయ దిగింది, వేడిది ఇంకొకటి వేస్తున్నాను" అని అడగకుండానే తెచ్చి పెట్టేవాడు. దానికి డబ్బు తీసుకున్నాడో లేదో నేనెప్పుడూ గమనించలేదు. వద్దన్న మనిషి కూర్చుని తినడం మాత్రం చూశాను.

పంటు ప్రయాణాల్లో హోటలు లేకపోయినా తిండికి లోటుండేది కాదు. సైకిళ్ళు, మోటారు సైకిళ్ళు, గంపలు, మేకలు, బడి పిల్లలు అందరూ ఎక్కి, పంటు రేవు వదిలేలోగా అమ్మేవాళ్ళు కూడా ఎక్కేసేవారు. చలికాలమైతే తేగలు, వేసవిలో తాటిముంజలు, ఎప్పుడైనా దొరికేవి వేయించిన వేరుసెనగకాయలు. తేగను నడిమికి చీల్చి, లోపలి పీచు తీసేసి, కొరుక్కుంటూ కూర్చుంటే అవతలి గట్టు వచ్చేదాకా సరిపోయేది. యానాం-ఎదుర్లంక వంతెన వచ్చాక మావాళ్ళు చాలామంది కాకినాడకు అటువైపే పోవడం మొదలుపెట్టారు. ప్రయాణం సులువైంది, సంతోషమే. నాకు ఇప్పటికీ కోటిపల్లి రేవే ఇష్టం.

ఇక కాకినాడ. అక్క పెళ్ళి కుదిరి, బట్టలకని అందరం కలిసి వెళ్ళిన రోజు అది. అమ్మ మాతో పట్నం రావడమే అరుదు. వచ్చినా హోటలు గడప తొక్కేది కాదు. అప్పట్లో చాలా హోటళ్ళలో ఆడవాళ్ళకని తెర కట్టిన గది విడిగా ఉండేది, ఆ తెర వెనక కూర్చోవడం ఆవిడకు ఇష్టముండేది కాదు. ఎటు వెళ్ళినా పులిహోర చేసి అరిటాకులో పొట్లం కట్టుకుని వచ్చేది. ఆ రోజు కూడా పొట్లం సిద్ధంగా ఉంది. నాన్నగారు మాత్రం, "ఇవాళ సుబ్బయ్య హోటల్లో భోజనం. ఆ పులిహోర సాయంత్రం పంటులో తిందాం" అని ముందే తేల్చేశారు.

సుబ్బయ్య హోటలు భోజనం గురించి గోదావరి జిల్లాలవాళ్ళకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. పేరుకు హోటలే, లోపల జరిగేది పెళ్ళిపంక్తి. అరిటాకు వేస్తారు, ఆకు నిండేదాకా వడ్డిస్తారు, నిండాక కూడా వడ్డిస్తూనే ఉంటారు. పొడులు, నెయ్యి, పప్పు, వేపుడు, పులుసుకూర, గోంగూర, సాంబారు, చారు, గడ్డపెరుగు. ఏది ఎప్పుడు వచ్చిందో చెప్పలేను కానీ ఆ రోజు పనసపొట్టు కూర ఉండడం మాత్రం బాగా గుర్తుంది. ఆవపెట్టి చేసిన కూర. జీడిపప్పు పలుకులు అక్కడక్కడా తగులుతున్నాయి.

మా ఇంట్లో అమ్మ భోజనం ఎలా సాగేదో చెప్పకపోతే తరువాతి మాట అర్థం కాదు. అందరికీ వడ్డించి, అందరూ లేచాక, గిన్నెలన్నీ చుట్టూ పెట్టుకుని ఆవిడ కూర్చునేది. తనకు తనే వడ్డించుకునేది. కూర అడుగంటితే పచ్చడి, పచ్చడీ లేకపోతే మజ్జిగ. నాన్నగారికి మారు, మాకు మారు, చుట్టాలొస్తే వాళ్ళకు రెండు మార్లు. ఆవిడను మాత్రం ఇంకాస్త వేసుకోమని అడిగే మనిషి ఆ సమయానికి వంటింట్లో ఉండేది కాదు. ఎవరిదీ తప్పని కాదు, అన్ని ఇళ్ళలోనూ అలాగే ఉండేది, అదే రివాజు.

వడ్డించేవాళ్ళలో ఒక నడివయసు ఆయన నెయ్యి గిన్నె పట్టుకుని మా వరుసలోకి వచ్చాడు. అమ్మ ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టి, "చాలు బాబూ" అంది. ఆయన గిన్నె వెనక్కి తీయలేదు. "అమ్మా, చెయ్యి తీయండి. వండింది మీరు కాదు కదా, అందరికీ చాలుతుందో లేదో అన్న బెంగ ఇవాళ మీకెందుకు?" అన్నాడు. అక్క పకపకా నవ్వింది. అమ్మ కూడా నవ్వుతూ చెయ్యి తీసింది. ముద్దపప్పులో నెయ్యి పడింది. కాసేపటికి ఆయనే పనసపొట్టు కూర గిన్నెతో మళ్ళీ వచ్చి నేరుగా అమ్మ ఆకు దగ్గరే ఆగాడు. "ఇందాక అన్నిటికంటే ముందు మీరు తిన్నది ఇదే, చూశాను" అని గరిటెడు వేశాడు. ఈసారి అమ్మ వద్దనలేదు.

ఆవిడ ఆ కూర ఎంత నింపాదిగా తిందో నేను పక్కనే కూర్చుని చూశాను. అమ్మ ఇంకొకరి చేత మారు వేయించుకుని తినడం అంతకుముందు నేను చూసింది పుట్టింటికి వెళ్ళినప్పుడే, అదీ అమ్మమ్మ ఉన్నన్నాళ్ళు. పెరుగన్నం దగ్గర ఆయన మూడోసారి కూడా వచ్చాడు. "అయ్యో, అదేమిటి, అప్పుడే లేస్తున్నారా?" అన్నాడు. నాన్నగారు వెళ్ళి గల్లాపెట్టె దగ్గర డబ్బు కడుతుంటే, అమ్మ గుమ్మం దగ్గర ఆగి ఆయన ఎక్కడున్నాడో వెతికి, "వెళ్ళొస్తాం బాబూ" అని చెప్పి మరీ బయటికి వచ్చింది. చుట్టాలింటి నుంచి బయలుదేరేటప్పుడు చెప్పే మాట అది.

ఆ తరువాత మా ఇంట్లో ఒక అలవాటు స్థిరపడిపోయింది. ఎవరు ఎక్కడ బయట తిని వచ్చినా అమ్మ అడిగేది ఒకటే: "మారు అడిగారా?" కూర ఎలా ఉందని కాదు, ఖర్చు ఎంతయిందని కాదు. హైవే మీద ఒకచోట ప్లేటు భోజనం తిన్నామనీ, రెండోసారి సాంబారు అడిగితే విడిగా డబ్బు తీసుకున్నారనీ తమ్ముడు చెప్పినప్పుడు ఆవిడ బాధపడింది. ఆ ప్రశ్నను నేను నా సంసారంలోకి కూడా తెచ్చుకున్నాను. ఎంత అందమైన చోటైనా, ఎంత పేరున్న వంటవాళ్ళయినా, ఆకలిగా ఉన్న మనిషి ముఖం చూసి ఇంకాస్త వేసే చెయ్యి లేకపోతే నాకు అది భోజనం అనిపించదు.

ఆ రోజు తిరుగు ప్రయాణంలో కోటయ్య కాజాలు కొన్నాం. గొట్టం కాజా కొరికితే పాకం నోటినుంచి గడ్డం మీదికి కారుతుంది కాబట్టి కొత్త బట్టల సంచులు దూరంగా పెట్టి తిన్నాం. తాపేశ్వరం మడత కాజా గొప్పదా, కాకినాడ గొట్టం కాజా గొప్పదా అని మా ఇంట్లో ఇప్పటికీ రెండు పక్షాలున్నాయి. నేను కాకినాడ పక్షం.

డిగ్రీకి రాజమండ్రి వెళ్ళాక పని ఉంటేనే హోటలు అన్న నియమం సడలింది. హాస్టల్లో ఉండే మాకు సాయంత్రాలు గోదావరి గట్టే విహారం. ముందు కోటగుమ్మం దగ్గర రోజ్ మిల్క్. ఎండాకాలం ఆ చిక్కటి, చల్లటి గులాబీరంగు పాలు ఒక్క గుక్కలో తాగేసేవాళ్ళు కొందరు. నేను గ్లాసును రెండు చేతులతో పట్టుకుని చల్లదనం అరచేతులకు పట్టేదాకా ఆగేదాన్ని. అక్కడినుంచి నడుచుకుంటూ గట్టు మీదికి. బండి దగ్గర మిరపకాయ బజ్జీలు దిగుతుంటే, వాటిని నిలువునా చీల్చి, సన్నగా తరిగిన ఉల్లిపాయలు కూరి, పైన నిమ్మకాయ పిండి ఇచ్చేవాడు. పక్కనే పిడత కింద పప్పు. నిప్పుల పిడత కింద వెచ్చగా ఉంచిన ఆ కారపు కలగలుపును కాగితం పొట్లంలో పోసి ఇస్తే, చివరి పలుకుల కోసం పొట్లం విప్పి వెతుక్కునేవాళ్ళం.

నేను అక్కడ చదివిన రోజులు 1990 తరువాతివి. గట్టు మీద కూర్చుంటే మూడు తరాల వంతెనలు కనిపించేవి. 1900 నుంచి రైళ్ళను మోస్తున్న హేవ్‌లాక్ వంతెన చివరి రోజుల్లో ఉంది. దానిమీద రైళ్ళు 1997లో ఆగిపోయాయి. 1974లో వచ్చిన రోడ్డు, రైలు వంతెన మీద కింద రైలు, పైన లారీల దీపాలు. మూడోది అప్పుడే కడుతున్నారు. ఊరు వెళ్ళి సెలవులనుంచి వచ్చిన ప్రతిసారీ కమానులు ఇంకాస్త ముందుకు జరిగి కనిపించేవి. రైలు వస్తే మా మాటలు ఆగిపోయేవి, చప్పుడు అంత గట్టిగా ఉండేది. కిటికీల్లోంచి జనం చిల్లర పైసలు గోదావరిలోకి విసరడం గట్టు మీదినుంచి కనిపించదు, కానీ విసురుతున్నారని మాకు తెలుసు కాబట్టి చూస్తున్నట్టే ఉండేది. నెలాఖరులో డబ్బులు అయిపోయి మేము చేతులు ముడుచుకుని కూర్చుంటే బజ్జీలబండి ఆయన, "అమ్మాయిలూ, చివరి వాయ, మిగిలితే నేనేం చేసుకుంటాను" అని పొట్లం కట్టి ఇచ్చేవాడు. బండిలో పిండి ఇంకా సగం గిన్నె ఉండేది. అమ్మకు ఉత్తరంలో ఆ సంగతి రాశాను. ఆవిడ అడిగే ప్రశ్నకు అది జవాబు.

గోదావరి తిండి గురించి రాస్తూ పులస మాట ఎత్తకపోతే మావాళ్ళు ఊరుకోరు. వరదనీటికి ఎదురీది సముద్రం నుంచి పైకి వచ్చే ఆ చేప కోసం పుస్తెలమ్మాలన్న సామెత అందరికీ తెలిసిందే. అయితే పులస హోటలు వంట కాదని నా గట్టి అభిప్రాయం. మట్టిదాకలో, సన్నటి సెగ మీద, బెండకాయలు వేసి పెట్టిన పులుసు రాత్రంతా ఆగి మర్నాడు తింటే ఉండే రుచి, ఆర్డరు ఇచ్చిన పావుగంటకు బల్ల మీదికి వచ్చే గిన్నెలో రాదు. పులస తినాలంటే గోదావరి ఒడ్డున చుట్టాలుండాలి.

నాన్నగారు రిటైరయిన ఏడాది కార్తీకమాసంలో మా కుటుంబం, పిన్ని, బాబాయిల పిల్లలు, మామయ్యగారి వాళ్ళు అందరం కలిసి పాపికొండలకు లాంచీలో వెళ్ళాం. పొద్దున్నే ఎక్కగానే టీ, తరువాత టిఫిను. లాంచీ కింది భాగంలో వెనకవైపు వంట. ఇంజను మోతలోనే తాలింపు చిటపటలు వినిపిస్తున్నాయి. పట్టిసీమ దాటి, గండిపోచమ్మ గుడి దగ్గర ఆగి, మళ్ళీ బయలుదేరాక గోదావరి రెండువైపులా కొండలు దగ్గరపడడం మొదలుపెట్టాయి. రాజమండ్రి దగ్గర అవతలి ఒడ్డు కనబడనంత వెడల్పుగా ఉన్న నది ఇదేనా అనిపిస్తుంది. నీళ్ళ రంగు చిక్కబడింది, గాలి చల్లబడింది, ఇంజను చప్పుడు కొండలకు తగిలి తిరిగి వస్తోంది.

అమ్మ కనిపించడం లేదని చూస్తే వంట దగ్గర ఉంది. వెళ్ళి పని అందుకోలేదు, పీట వేసుకుని వంటమనిషితో కబుర్లు చెబుతోంది. ఈ కదలికలో అన్నం ఎలా వారుస్తారు, ఇంతమందికి ఉప్పు ఎలా చూసుకుంటారు, నీళ్ళు ఎక్కడ పడతారు, ఇవీ ఆవిడ ప్రశ్నలు. అతను ఓపిగ్గా చెబుతూ పప్పు గరిటెతో తీసి ఆవిడ అరచేతిలో వేసి రుచి చూడమన్నాడు. "కాస్త ఇంగువ పడితే బాగుంటుంది" అంది. అతను వేశాడు. మధ్యాహ్నం కొండల నడుమ భోజనాలకు కూర్చున్నాం. గాలికి ఆకులు లేచిపోతుంటే నీళ్ళ గ్లాసులు బరువు పెట్టుకున్నాం. అన్నం, పప్పు, వంకాయకూర, చారు, పెరుగు. అంతకుమించి ఏమీ లేదు. తలెత్తితే కొండ, దించితే ఆకు. వంటమనిషి బకెట్టు పట్టుకుని తనే వచ్చి, "ఇంగువ పప్పు మళ్ళీ ఎవరికి?" అని అడిగాడు. అందరి చేతులూ లేచాయి. నాన్నగారు అందరికంటే ముందు ఎత్తారు. పేరంటాలపల్లిలో దిగి ఆశ్రమం చూసి, చల్లటి చెట్ల కింద కాసేపు కూర్చుని వచ్చాం. తిరుగు ప్రయాణంలో సగంమంది నిద్రపోయారు.

2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర బోటు మునిగి ఎందరో పోయారు. సెలవుకని, సరదాకని, మాలాగే పిల్లాపాపలతో వెళ్ళినవాళ్ళు. ఆ వార్త తరువాత చాలాకాలం మా లాంచీ ఫొటోలు తీసి చూడబుద్ధి కాలేదు. ఇప్పుడు లైఫ్ జాకెట్లు, తనిఖీలు ఉన్నాయి. పోలవరం పనుల వల్ల లాంచీలు బయలుదేరే చోట్లు మారాయి, దేవీపట్నం వైపు ఊళ్ళు ఖాళీ అయ్యాయి. మేము టీ తాగిన ఒడ్డు ఇప్పుడు నీళ్ళ అడుగున ఉంది. వెళ్ళేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. జాకెట్టు చివరిదాకా విప్పకండి, ఎంత ఉక్కగా ఉన్నా సరే, ఫొటో బాగా రాకపోయినా సరే.

హైదరాబాదులో ఇప్పుడు గోదావరి రుచుల హోటళ్ళకు కొదవ లేదు. బుట్టభోజనం ఇంటికే వస్తుంది. పనసపొట్టు కూర ఏ కాలంలోనైనా దొరుకుతుంది. రుచికి వంక పెట్టలేను, వండేవాళ్ళు చాలావరకు మావైపువాళ్ళే. కానీ డబ్బా మూత తీస్తే అందులో ఉన్నంతే ఉంటుంది. అందుకే పార్సిల్ తెప్పించిన రోజు కూడా నేను అన్నీ గిన్నెల్లోకి తీసి, బల్ల చుట్టూ తిరిగి వడ్డిస్తాను. మా అమ్మాయికి మొదట్లో ఇది వింతగా ఉండేది. ఇప్పుడు నేను కూర్చున్నాక తను లేచి నా కంచంలో వేస్తోంది.

2027 పుష్కరాలకు అందరం కలవాలని ఇప్పటినుంచే ఫోన్లు నడుస్తున్నాయి. స్నానం ఎక్కడన్నదాని మీద పేచీ లేదు, కోటిపల్లి రేవులోనే. అవతలినుంచి పంటు మీదే రావాలని అమ్మ షరతు. భోజనం కాకినాడలోనేనని, ఆకు మీదేనని రెండో షరతు. ఆ రద్దీలో సుబ్బయ్య హోటల్లో చోటు దొరకడం కష్టమని తమ్ముడు వాదిస్తున్నాడు. అయితే మొదటి పంక్తికే వెళ్ళి కూర్చుందాం, పొద్దున్న టిఫిను మానేయండి అని అమ్మ తేల్చేసింది.